అందరికీ నాన్నగారు

ఉప్పలగుప్తం దాటాక రొయ్యల చెరువుల గట్టు మీద ఆటో ఆపించింది ఎలీసమ్మ.

"ఇక్కడే ఉండు బాబూ. పిల్లని తీసుకుని నేరుగా అమలాపురం ఆసుపత్రికి పోవాలి" అని డ్రైవరుకి గట్టిగా చెప్పింది. చేతిలో ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కు ఉంది. అందులో మనవరాలు అక్షయ ఇన్సులిన్ సీసా, సంచిలో సూదులు.

పదమూడేళ్ళ పిల్ల. పూటపూటకీ సూది పడకపోతే ప్రాణం మీదకొచ్చే షుగరు. వేసవి సెలవుల్లో ఒక్కసారి వెళ్ళొస్తానని బతిమాలి ఈ ప్రార్థన షెడ్డుకి వచ్చింది, ఇక్కడే ఉండిపోయింది. నిన్నటి నుంచి వాంతులట. ఎవరి ద్వారానో తెలిసి, కోడలు కువైట్ నుంచి ఫోన్లో ఏడ్చి ఏడ్చి చెప్పింది. సూదులు ఆపేశారట. మందు పుచ్చుకోవడం అవిశ్వాసమట!

ఈ షెడ్డు గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న ఎలీసమ్మ, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి వచ్చింది.

గేటు దగ్గర కాపలా ఉన్న ముసలయ్య అడ్డం వచ్చాడు.

"వందనాలండి. చెప్పులిక్కడ వదిలేసి, ఫోను ఆ డబ్బాలో వేసెయ్యండి. నాన్నగారు ప్రార్థనలో ఉన్నారండి."

"ఎవరికయ్యా నాన్న?"

"అందరికీనండి. మాకు తండ్రంటే ఇంక ఆయనొక్కరేనండి. ఆ మాట వేరేవాళ్ళని అనకూడదండి. మొన్న మావాడు అలవాటు కొద్దీ నన్ను నాన్నా అనేసేడండి. రెండు పూటలు పస్తుంచేరు. ఇప్పుడు చక్కగా ముసలయ్యగారూ అంటున్నాడండి."

ఆ ముక్క గొప్పగా చెప్పాడు. ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"భూమ్మీద ఏ మనిషినీ అలా నెత్తికెక్కించుకోవద్దని ప్రభువు చెప్పలేదటయ్యా? నువ్వు చదివిన వాక్యమంతా ఏ గోదాట్లో కలిపేవు?"

"వాక్యం పాతదండి. నాన్నగారికి కొత్త దర్శనాలొస్తున్నాయండి. ఆయ్."

ఇంక వీడితో మాటలేమిటి? చెప్పులతోనే లోపలికి నడిచింది.

ఎలీసమ్మ ఏళ్ళ తరబడి సండే స్కూలు పిల్లలకి నూరిపోసింది ఇదే. వాక్యం కన్నా తన కల గొప్పదనేవాణ్ణి నమ్మకండర్రా. మా గుంపు తప్ప మిగతా సంఘాలన్నీ నరకానికేనంటే ఆ ఛాయలకి పోకండి. ప్రశ్న అడిగితే సాతాను పట్టిందంటాడా, లేచి వచ్చెయ్యండి.

ఆ పాఠం అందరికన్నా శ్రద్ధగా విన్నది ఆవిడ కొడుకు శ్యామ్ బాబు. అక్షయకి జబ్బని తెలిసిన రోజున, పిల్లకి ఎంత నొప్పి పుడుతుందో చూడాలని ఖాళీ సూది ముందు తన చేతికి పొడుచుకున్న మనిషి. ఆ తర్వాతే ఏడుస్తూ కూతురికి మందిచ్చాడు. ఆ శ్యామ్ బాబు ఇంట్లో లేకుండా పోయి రెండేళ్ళు. ఆ మనిషే ఉంటే ఇలా జరగనిచ్చేవాడా? నాన్న కోసం బెంగపెట్టుకున్న పిల్ల, చివరికి ఇలా నాన్నగారి కాళ్ళ దగ్గరకి చేరింది.

లోపల జనం కిక్కిరిసి కూర్చున్నారు. సిలువ ఉండాల్సిన చోట నిలువెత్తు ఫోటో. తెల్ల లాల్చీ, గుండెల దాకా గడ్డం, మొహాన ఓ చల్లని నవ్వు. ఆ మొహం చూసేసరికి ఎలీసమ్మకి కడుపు రగిలిపోయింది. ఫోటోలోని మనిషి దాని కిందే కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆయన పాదాల దగ్గర చాప మీద అక్షయ పడి ఉంది. పెదాలు ఎండిపోయాయి. రొప్పుతోంది. ఎలీసమ్మ పక్కన కూలబడి, సూదిలోకి మందు ఎక్కించింది. పిల్ల చెయ్యి లాగేసుకుంది.

"వద్దు నానమ్మా. నాన్నగారు వద్దన్నారు."

"ఊపిరందట్లేదే తల్లీ నీకు!"

"నాన్నగారు చెప్తే వేయించుకుంటాను. లేకపోతే వద్దు. చచ్చిపోయినా పరలోకమేగా."

పదమూడేళ్ళ పిల్ల నోట రావాల్సిన మాటేనా అది? ఆ మాట నేర్పినవాడు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"అమ్మా," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. ఆ గుంపులో ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తాడు, అదే మెత్తటి గొంతుతో. "కోపం సాతానుది. కూర్చో. బిడ్డ విశ్వాసం పరీక్షలో ఉంది. చెడగొట్టకు."

"పరీక్షా! ఎవరి ప్రాణంతో పరీక్ష? కళ్ళు తెరిచి దీని మొహం చూడు. చూసి, చచ్చిపో అని నీ నోటితో చెప్పు. నేనూ వింటాను."

జనం గగ్గోలెత్తారు. నాన్నగారిని అంతేసి మాటా? సాతాను పట్టిందని ఎవరో అరిచారు. ముసలయ్య పరిగెత్తుకొచ్చి జబ్బ పట్టుకున్నాడు.

"తప్పండి, లెగండి. ఎవరనుకుంటున్నారండి ఆయన్ని?"

"ఎవరో నాకు తెలుసు. నీకే తెలీదు."

ముసలయ్య చెయ్యి విదిలించి లేచింది. కుర్చీ దగ్గరకి వెళ్ళి, ఆయన అరచెయ్యి లాగి, మందు ఎక్కించిన సూది అందులో పెట్టి వేళ్ళు మూసింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఒరే శ్యామ్ బాబూ, వీళ్ళందరికీ నాన్నవి తర్వాత అవుదువుగాని, ముందు నీ కన్నకూతురికి ఆ సూది నువ్వే పొడవరా!" అంది ఎలీసమ్మ.