ఆడపడుచు రొయ్యల పులుసు

కుముదిని రొయ్యల పులుసులో బెల్లం దండిగా వేస్తుంది. బాగాలేదంటే ఆడపడుచు నొచ్చుకుంటుందని, పెళ్లయిన నాటినుంచీ వకుళ "నా ఒంటికి సరిపడదు వదినా" అని తప్పించుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఇంటింటా ఉప్పుడబ్బా పక్కన యాంటీబాడీ సీసా వచ్చి కూర్చుంది. నెత్తురు చుక్కలో పులుసు చుక్క కలిపితే, అది సరిపడనివాళ్ల రక్షక కణాలు కోపంతో తమ ఒంటిమీద కొక్కెంలాంటి ఒక గ్రాహకాన్ని మొలిపిస్తాయి. సీసాలోంచి వేసిన యాంటీబాడీ దాన్ని పట్టుకుని నీలంగా మెరుస్తుంది.

"వేలు ఇలా తే. ఎన్నాళ్లని నోరు కట్టుకుంటావే," అంది కుముదిని జాలిగా.

వకుళ చుక్క ఎర్రగానే ఉండిపోయింది. కుముదిని కళ్లు చిన్నవయ్యాయి.

"సీసా పాతబడిందేమో వదినా."

"నిన్ననేగా కొన్నాను. ఉండు, నాదీ చూస్తా."

కుముదిని చుక్క నీలంగా వెలిగిపోయింది.

"అయ్యో రామ. ఇది తిన్నప్పుడల్లా దద్దుర్లొస్తే దోమలనుకున్నానే."

బతికిపోయాననుకుంది వకుళ. "పాపం, ఇక మీరు ముట్టకండి వదినా."

"ముట్టను," అంటూ కుముదిని గిన్నె మొత్తం ఆమె ముందుకు జరిపింది. "నీకు హాయిగా సరిపడుతోందిగా. ఇకనుంచి వారం వారం నీ ఒక్కదానికే వండి తెస్తాలే."