ముక్కు మీద నీలగిరి

"పత్తికొండ సంతకొచ్చి నీలగిరిని అమ్ముతాండావా? మా కొండ చాల్లేదా నీకు?" అని పుల్లయ్య అడిగేసరికి చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

తైలం సీసాల పెట్టె ముందు కూర్చున్న కంబన్న కూడా నవ్వాడు. "పడిశానికి, తలనొప్పికి, మోకాళ్ల నొప్పికి ఒకటే చుక్కన్నా. దోమలు గూడా దగ్గరికి రావు."

"దోమలేంది, మనుషులు గూడా రారు. నీ సీసాలో కన్నా నీ నోట్లోనే జిడ్డు ఎక్కువ ఉండాది."

పుల్లయ్య నెయ్యి వ్యాపారి. చేతి వెనక ఇంత నెయ్యి రుద్ది, ఒక్కసారి వాసన చూసి, కల్తీ అని తేలితే తెచ్చినవాళ్ల చేత ముక్కు నేలకు రాయించే రకం. ముక్కుసూటి మనిషి అనలేం గానీ, ముక్కునే నమ్ముకున్న మనిషి. రేపు పెద్ద ఈరన్న ఇంట్లో పెండ్లి. లడ్లకు నెయ్యి పుల్లయ్యే ఇవ్వాలి. అందులో వనస్పతి వాసన వచ్చిందా, ఆ ముక్కుకున్న పరువు ఆ పందిట్లోనే పోతుంది.

"ఏదీ, ఈడ రాయి" అని చెయ్యి చాపాడు. "అసలుదో నకిలీదో నా ముక్కు చెప్తాది."

చుక్క అన్నవాడు ధారాళంగా పోసి మర్దన చేశాడు. పుల్లయ్య గట్టిగా పీల్చాడు. ఘాటు నడినెత్తికెక్కింది.

"తైలం కాదప్పా ఇది, తెగులు" అని తుమ్ముకుంటూ వెళ్లి తన డబ్బాల దగ్గర కూలబడ్డాడు. మట్టి పెట్టి తోముకుంటే వాసన వదల్లేదు సరికదా, రెండో చేతికీ అంటింది.

అప్పుడే గంగక్క అనే ఆమె నెత్తిన నేతికుండ, చంకన బిడ్డతో వచ్చింది. బిడ్డ తైలం పెట్టె వైపు రెండు చేతులూ చాపి ఒకటే ఏడుపు.

"ఊరికే ఉండవే. సీసాలు కనపడితే సాలు దీనికి" అని గద్దించి, "ఆ కంపు తైలమోన్ని దూరంగా కూర్చోమనగూడదా అన్నా? నా నెయ్యి గూడా చెడతాది" అంది.

పుల్లయ్య చేతి వెనక నెయ్యి రుద్ది వాసన చూశాడు. నీలగిరి. రెండో చేతి మీద రుద్దాడు. అక్కడా నీలగిరే. ఇందాక నవ్విన జనమే ఇప్పుడు తీర్పు కోసం చూస్తున్నారు. ముక్కు పని చేయడం లేదంటే ఆ నవ్వు తన వైపు తిరుగుతుంది.

"ఆహా, శానా కమ్మగుండాది" అన్నాడు. "వచ్చే సంతకు గూడా నాకే తేవాల తల్లీ" అని డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి కుండ తీసుకున్నాడు.

పొద్దు వాలాక ముక్కు తెరుచుకుంది. గంగక్క దగ్గర కొన్న కుండ మూత తీస్తే నిండా వనస్పతి. ఈ నేరమంతా తైలానిదే. కంబన్న చొక్కా పట్టుకుని అడుగుదామని పుల్లయ్య బస్సు దగ్గరికి పరుగెత్తాడు.

బస్సు కదులుతోంది. టాపు మీద తైలం పెట్టె, కిటికీ పక్కన కంబన్న. అతని పక్కనే కూర్చున్న గంగక్క బిడ్డను అతని ఒళ్లో పడేస్తూ అంటోంది:

"కొంచేపు పట్టుకో. పొద్దున్నుంచి నాయన కావాలని ఒకటే ఏడుస్తాండాది."