మంచి పాదం

హనోయిలో మా సందువాళ్లకు కొత్త సంవత్సరం పొద్దున ఇంట్లోకి మొదట వచ్చిన మనిషిని బట్టే ఏడాదంతా నడుస్తుంది. పరాయి దేశం దాన్నయినా తొమ్మిదేళ్లుగా కాఫీ కొట్టు థోవా ఇంట్లో ఆ తొలి అడుగు నాదే. నాది మంచి పాదమని తనే వచ్చి పిలుచుకెళ్లేది.

ఈసారి రాలేదు. కమలాపళ్లు పట్టుకుని నేనే వెళ్లాను. కటకటాల తలుపు వెనకే నిలబడిపోయింది.

"మావాళ్లింకా లేవలేదు చెల్లీ. తర్వాత రా."

లోపల టీవీ మోగుతోంది. పిల్లలు నవ్వుతున్నారు.

ఎదురింటికి వెళ్తే తాత గడపకు అడ్డంగా నిలబడ్డాడు. "ఏమనుకోకమ్మా. మీ అక్క పోయిందటగా. ఏడాది తిరిగేదాకా ఒకరి గడప తొక్కకూడదు."

అక్క పోయిన సంగతి ఈ ఊళ్లో నేను చెప్పుకున్నది ఒక్కరికే. ఆ రోజు థోవా నా తల ఒళ్లో పెట్టుకుని, "ఎవరికీ చెప్పనులే. ఏడవకు, ఇక నీకు అక్కను నేనే" అంది.

వెనక్కి వచ్చి ఆ కటకటాలు దబదబా బాదాను.

"థోవా అక్కా! నువ్వు నా అక్కవే అయితే పోయింది నీకూ తోబుట్టువే! మైల నీకూ ఉంది. తలుపు తియ్!"

లోపల టీవీ కట్టేశారు.