ఏడో గిటార్

"మెడ లావున్నది భాయ్," అంటూ ఆనందరావు గిటార్‌ను తిరిగి ఇచ్చేశాడు.

పత్తర్‌గట్టీలో వాద్యాల దుకాణం నడిపే పురుషోత్తం దాన్ని అందుకుని నిట్టూర్చాడు. "మొన్నటిదాని తీగలు ఎత్తున్నయంటివి. అంతకుముందుదాని గొంతు పల్చగున్నదంటివి. కరెంటు గిటార్లు ఊరంత కలిపి పది లేవన్నా. యాడికెళ్లి తేవాలె?"

ఆనందరావు కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటవు బిడ్డా?"

మూలన స్టూలు మీద కూర్చున్న రాజమణి తలెత్తలేదు. "నీ ఇష్టం బాపూ."

రెండు వారాలుగా ఆమె నోట వస్తున్నది ఆ ఒక్క మాటే.

తొమ్మిదేళ్ల కిందట, స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, సికింద్రాబాద్ దండు ఖాళీ చేసి వెళ్తున్న ఒక తెల్ల సైనికుడి దగ్గర ఆనందరావు తన పాత కరెంటు గిటార్ కొన్నాడు. పెళ్లిళ్లు, క్లబ్బులు, క్రిస్మస్ పాటలు, అన్నిటికీ అదే. అతని మణికట్టు ఆనేచోట రంగంతా పోయి చెక్క తేలింది. మూడు వారాల కిందట మొఘల్‌పురాలో ఓ పెళ్లి బారాత్ మధ్యలో అది మూగబోయింది. శాలిబండలో రేడియోలు బాగుచేసే ఎల్లప్ప దగ్గరికి తీసుకెళ్లి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చాడు ఆనందరావు.

"లోపలి తీగచుట్ట కాలిపోయిందట. ఎల్లప్ప చేతులెత్తేసిండు," అని చెప్పి కూతురి ఎదురుగా కూలబడ్డాడు. "మూఢం పోంగనే పెళ్లిళ్లు మొదలైతయి. ఆ లోపల కొత్తది చూసుకోవాలె. డ్రమ్ముల పక్కన నిలవడి నిలవడి నా చెవులు మొద్దువారినయి. సుర్ నీకే తెలుస్తది. తోడు రా బిడ్డా."

చిన్నప్పుడు అతని చెక్క గిటార్‌కు తీగలు బిగించి, శ్రుతి చేసి, వాయించి చూసేది రాజమణే. ఇప్పుడు ఆమెకు వాద్యాలతో పనిలేదు. టైఫాయిడ్‌తో భర్త పోయాక పుట్టింటికి చేరి ఎనిమిది నెలలైంది. ఎదురుపడ్డవాళ్లు అడిగే ప్రశ్నలకు జడిసి చర్చికి కూడా పోవడం మానేసింది. కానీ తండ్రి బతుకుదెరువు ఆ గిటారే. కాదనలేక కొంగు కప్పుకుని బయల్దేరింది.

ఆబిడ్స్‌లో రెండు దుకాణాలు తిరిగారు. సికింద్రాబాద్‌లో క్లబ్బు బ్యాండు వదిలేసిన ఒక గోవా ఆయన ఇంటికి వెళ్లారు. ఎండ, దుమ్ము, కిక్కిరిసిన బస్సులు. రాజమణి మడమలు పగిలాయి. ఆనందరావు మోకాళ్లు వాచాయి. ఇంటికొచ్చి ఇద్దరూ మాట్లాడుకునే ఓపిక కూడా లేక, ఇంత తిని పడుకునేవాళ్లు. పొద్దున్నే మళ్లీ, "ఇంకొకటి ఉన్నదట బిడ్డా," అనేవాడు అతను.

ఆరోది మొఘల్‌పురాలో ఒక నవాబు బంధువుల దేవిడీ భవంతిలో దొరికింది. గొంతు గంభీరంగా ఉంది, తీగలు వేళ్లకు అందుతున్నాయి. ఆనందరావు చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "రంగు నచ్చలే," అన్నాడు.

గడప దాటగానే రాజమణి ఆగిపోయింది. "రంగుతోని వాయిస్తవా బాపూ? అంత మంచి సుర్ ఉంటే వద్దంటవేంది?"

ఆమె గొంతు పెంచడం ఎనిమిది నెలల్లో అదే మొదలు. ఆనందరావు తల దించుకున్నాడు.

"పాతదాని మీద ప్రాణం పెట్టుకుంటే ఏదీ నచ్చది నీకు. పోయింది పోయింది. ఎన్నొద్దులు ఏడుస్తవ్?" అనేసి, తన మాట తనకే తగిలినట్టు చప్పున ఆగింది. "రేపటి సంది నేను రాను."

"ఇంకొక్కటి. బొంబాయి నుంచి వచ్చిందట, పురుషోత్తం కబురు పెట్టిండు. గదే ఆఖరు."

మర్నాడు పురుషోత్తం ఏడో గిటార్‌ను స్పీకర్ డబ్బాకు తగిలించి ఇచ్చాడు. ఆనందరావు రెండు తీగలు మీటాడు. వంక చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఇటియ్యి," అని రాజమణి దాన్ని లాక్కుంది.

స్టూలు ముందుకు జరుపుకుని, మెడ వంచి చెవి ఆనించి, ఒక్కో మర తిప్పుతూ శ్రుతి చేసింది. తర్వాత, చనిపోయిన తల్లి వంటింట్లో పాడుకునే ఓ క్రీస్తు భజన పాటను మెల్లగా ఎత్తుకుంది. వేళ్లు మొరాయించాయి. ఒకచోట స్వరం తప్పి డబ్బా గీమంది. ఉలిక్కిపడి, ఫక్కున నవ్వింది. మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి కొంగు జారినా సర్దుకోలేదు. బయట ముత్యాలు కొంటున్న వాళ్లు కూడా ఆగి చూశారు.

ఆనందరావు వీధి వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"దీనికేం తక్కువ?" నిలదీసింది రాజమణి.

"ఏం తక్కువ లేదు. నీ చేతికే కుదిరింది. నువ్వే వాయించు. చర్చిల పాటలోళ్లు ఎన్నడిసందో అడుగుతున్నరు."

"మరి నీకు?"

"నా ఫికర్ ఎందుకు? దొరుకుతదిలే."

ఆమె గిటార్ వంక చూసుకుంది. "ఆదివారం వస్తనని చెప్పు," అంది.

శాలిబండలో తమ వీధి మొదట్లో, ఎల్లప్ప దుకాణం ముందు రిక్షా దిగారు. "నువ్వు నిమ్మళంగ రా. నేను పోయి చాయ్ పెడ్త," అంటూ రాజమణి గిటార్ భుజానికెత్తుకుని ముందు నడిచింది. ఎదురింటి లీలమ్మ వాకిట్లోకొచ్చి, "ఏంది పిల్లా అది?" అని కేకేసింది. "గిటార్ అత్తమ్మా! రా, వినిపిస్త," అని అంతకన్నా గట్టిగా బదులిచ్చింది రాజమణి.

ఎల్లప్ప చేతిలో పని వదిలేసి బయటికొచ్చాడు. ఇద్దరూ ఆమె ఇంట్లోకి వెళ్లేదాకా చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఎల్లప్ప గొంతు తగ్గించి అడిగాడు.

"నేను ఒక్క పూటల బాగుచేసిన నీ గిటార్‌ను ఇంకెన్నొద్దులు దాయాలె అన్నా?"