ఏడుపు రీలు

"ఈసారి నవ్వించావంటే టెంటులోంచి గెంటేత్తాను," అన్నాడు సన్యాసిరావు, ప్రొజెక్టరుకి ఆఖరి రీలు ఎక్కిస్తూ. "ఆ పిల్ల క్షయతో సచ్చిపోతంటే నీ ఎకసెక్కాలేటి?"

"మావోళ్లు నవ్వడానికే వత్తారు బాబూ," అన్నాడు సుక్రు.

అరకు సంతలో సినిమా ఆడిన రోజున తెర పక్కన నిలబడి, కథని కొండభాషలో చెప్పేది అతనే. అతని భార్య రత్న ప్రతి ఆటకీ వచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చుంటుంది.

"ఏడిపించు. ఈ బొమ్మకి అదే మర్యాద."

తెర మీద కథానాయిక దగ్గింది. సుక్రు ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఈమె ఇంక బతకదు. ఆ సంగతి ఈమెకీ తెలుసు."

టెంటులో చప్పుడు లేదు. తెర మీద ఆమె కన్నుమూసింది. దగ్గు మాత్రం ఆగలేదు.

తలలు వెనక్కి తిరిగాయి. రత్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ముత్యాలమ్మ బిడ్డనెత్తుకుని దూరం జరిగింది.

సుక్రుకి ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. తన మాటలకి రత్న కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతోందని ఇన్నాళ్లూ మురిసిపోయాడు. ఆ భుజాలు ఇప్పుడూ అలాగే కదులుతున్నాయి. ఇంట్లో దగ్గు వస్తే పొయ్యి పొగ అనేది.

"ఓలమ్మా!" అని ఉన్నట్టుండి అరిచాడు. "ఈ డాక్టరు నాడి పట్టుకునేసరికే పిల్ల పోయింది. మనకి మందిచ్చే దిసారైతే, మనమిచ్చిన రెండు కోళ్లూ తినేదాకా పోనిచ్చేవాడా?"

టెంటంతా గొల్లున నవ్వింది.

"ఒరే సుక్రూ!" సన్యాసిరావు కేకేశాడు. సుక్రు ఆగలేదు.

ఆ నవ్వుల కింద రత్న తనివితీరా దగ్గుకుంది.