గట్టిమేళంలో కలిసిన కూత

అరవై దాటిన వాళ్లందరికీ ఇప్పుడు గుండెలో పెట్టుడు కవాటమే. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టంతో పొద్దున ఎక్కిస్తే, సాయంత్రం ఇంట్లో కాఫీ తాగొచ్చు. అది అరిగిపోయిన రోజున ఛాతీలోంచి కూత వేస్తుంది. కూత ఆగిందంటే గుండె ఆగినట్టే; ఆలోగా ఆసుపత్రి వ్యాను రావాలి, అంతే.

తనూ అరవై దాటిన సన్నాయి గవరయ్యను పెళ్లికూతురి తండ్రి సూర్నారాయణ పక్కకు పిలిచాడు.

"ముహూర్తంలో ఎవరిదైనా కూసిందంటే అపశకునం. వినపడకుండా నువ్వు గట్టిగా ఊదాలి."

"మరి వ్యానండీ?"

"తాళి పడ్డాక పిలుద్దాంలే."

జీలకర్ర బెల్లం అయ్యింది. పెళ్లికొడుకు తాళి అందుకోకముందే ముందు వరసలో కూత మొదలైంది. పంతులుగారి కంటే ముందు సూర్నారాయణే వేలెత్తాడు. గవరయ్య ఊపిరంతా పెట్టి గట్టిమేళం ఊదాడు. మూడో ముడి చిక్కుపడింది. మేళం ఇంకా సాగింది.

చివరికి ఆపేసరికి హాల్లో ఎక్కడా కూత లేదు. సూర్నారాయణ హమ్మయ్య అనుకున్నాడు. గవరయ్య ముందు తన ఛాతీ తడుముకుని, ఆ తర్వాత ముందు వరస వైపు చూశాడు. అందరూ అక్షింతలు వేసేశారు. పెళ్లికొడుకు తాతగారు ఒక్కరే కుర్చీలో తల వాల్చేసి, తన అక్షింతలు పిడికిట్లోనే ఉంచుకున్నారు.