పిట్ట కొట్టిన మొగ్గ

“అక్కా, మళ్ళీ కొట్టేశాయి.”

చిన్నావిడ గులాబీ మొక్క ముందు చతికిలబడింది. నిన్న సాయంత్రం రేపో మాపో విచ్చుకుంటానన్నట్టు నిండుగా ఉన్న మొగ్గ, తెల్లారేసరికి చివర్లు చిరిగి వేలాడుతోంది. కిందంతా ఎర్రటి రేకుల తునకలు.

వంటగదిలోంచి ఆమె తోడికోడలు, ఆ ఇంటి పెద్దావిడ, రెండు కాఫీ గ్లాసులతో వచ్చింది. వంగి చూసి నాలుక చప్పరించింది.

“పిట్టలే. ఇంకెవరు చేస్తారు?”

“వల కట్టానక్కా. అంచుల మీద రాళ్ళు కూడా పెట్టాను. ఎలా దూరాయంటావు?”

“ఆకలి అన్నీ నేర్పుతుందే. వాటి తెలివి మనకెక్కడిది? లే, కాఫీ చల్లారుతుంది.”

చిన్నావిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఇంకాసేపట్లో పెద్దావిడ కూతురు ఫోన్ చేస్తుంది. తల్లిని తన దగ్గరికి తీసుకుపోవడానికి గది సర్ది, మంచం వేసి కూర్చుంది ఆ పిల్ల. “నేను నాటిన మొక్క, మొదటి పువ్వు కళ్ళారా చూసి వస్తానే” అని తల్లి అడిగితే కాదనలేదు. పువ్వు విచ్చిన రోజే కారు పంపుతానంది. తల్లీ కూతుళ్ళిద్దరూ మాటంటే మాటే.

ఫోన్ మోగింది. ఎత్తవలసింది ఎప్పుడూ చిన్నావిడే.

“పూసిందా పిన్నీ?”

“లేదమ్మా. విచ్చుకునేదే, పిట్టలు పాడు చేశాయి.”

“ఇవాళ కూడా పిట్టలేనా?” అవతల నవ్వు వినిపించింది. “ఆ పిట్ట చీర కట్టుకుని రావడం లేదు కదా పిన్నీ? మా పిన్నిలా కళ్ళజోడు గానీ పెట్టుకుందేమో సరిగ్గా చూడు.”

వేళాకోళమే. కానీ చిన్నావిడకి గోట్లో ముల్లు దిగినట్టయింది. ఫోన్ పెట్టేసి వచ్చి గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది.

“అక్కా, నిన్ను పంపడం ఇష్టం లేక నేనే గిల్లేస్తున్నాననుకుంటోంది నీ కూతురు.”

“అనుకోనీవే. అనుకుంటే నీ ఒళ్ళేమైనా అరిగిపోతుందా?”

“నువ్వలా అనుకోవడం లేదు కదా?”

“నువ్వా? పొరపాటున చీమని తొక్కితే పూటంతా బాధపడేదానివి.”

చిన్నావిడ గుమ్మం దాటి లోపలికొచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

“నీకు వెళ్ళాలని ఉందా అక్కా?”

పెద్దావిడ గ్లాసులు కడుగుతోంది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

“కన్నకూతురు అంత ప్రేమగా రమ్మంటుంటే, రానని ఏ నోటితో చెప్తానే?”

చిన్నావిడకి అర్థమైపోయింది. అంటే వెళ్తుంది. వెళ్ళాక పొద్దున్నే ఒక్క గ్లాసు కాఫీయే కలుపుకోవాలి. వీధిలో కుక్క అరిస్తే “ఎవరో చూడవే” అనే గొంతు ఉండదు. ఉండకపోతే పోనీ, అక్కని ఆపడానికి మొగ్గలు దొంగచాటుగా గిల్లిందన్న మాట మాత్రం తను పడదలుచుకోలేదు.

ఇక పిట్టలతో పోరు మొదలుపెట్టింది. వల మీద ఇంకో వల కప్పింది. డబ్బా మూతలు దారాలకి కట్టి వేలాడదీసింది. పొద్దస్తమానం చీపురు పట్టుకుని మొక్క దగ్గరే కాపలా కాసింది. తల మీద నల్లకుచ్చు ఉన్న పిట్టలు గోడెక్కి కూర్చుని, వింత చూస్తున్నట్టు ఆమె వైపు మెడలు తిప్పేవి.

“ఏమండీ, ఇవాళ ఎవరు గెలిచారు?” అన్నాడు ఎదురింటి టైలరు, కుట్టుమిషన్ దగ్గర్నించి లేవకుండానే.

“ఇంకా తేలలేదు బాబూ.”

“వాటికి రాజీ కబురు పంపండి. లేకపోతే చెప్పండి, మొక్కకి ఓ చొక్కా కుట్టి పెడతాను.”

ఎన్ని చేసినా తెల్లారేసరికి ఏదో ఒక మొగ్గ చివర్లు తెగి ఉండేవి.

ఆ పొద్దున వల తీసి చూసింది చిన్నావిడ. అందరికీ కనిపించే కొమ్మ మీది మొగ్గ ఎప్పటిలాగే చిరిగి ఉంది. కానీ గోడవైపు, ఆకుల చాటున, ఎవరి కంటా పడకుండా ఎదిగిన మొగ్గ ఒకటి విచ్చుకుంది. పసిపిల్ల అరచేయంత పువ్వు. ఒక్క రేకు చెక్కుచెదరలేదు.

“అక్కా” అని పిలవాలి. నోరు తెరిచి, ఆగిపోయింది.

పిలిస్తే అక్క చూస్తుంది. ఫోన్ మోగుతుంది. పూసిందా పిన్నీ అంటుంది. పూసిందనాలి. సాయంత్రానికి కారు గుమ్మంలో ఉంటుంది.

ఆమె వేళ్ళు ఆమె మాట వినలేదు. గబుక్కున ఆకుల్లోకి చొరబడ్డాయి. ముల్లు గుచ్చుకున్నది కూడా తెలియలేదు. తొడిమ పుటుక్కున తెగింది. పువ్వుని బొడ్లో దోపుకుని, కొంగు కప్పి వెనక్కి తిరిగింది.

పెద్దావిడ నిలబడి ఉంది. ఎంతసేపైందో.

“అక్కా, అది... పిట్టలు...” చిన్నావిడ కొంగు బిగించి పట్టుకుంది. మొగ్గలు గిల్లిందన్న మాట పడనన్న మనిషి, ఇప్పుడు అక్క ముందే తలెత్తలేకపోయింది. లోపల ఫోన్ మోగుతోంది.

పెద్దావిడ దగ్గరికొచ్చి, కొంగు పక్కకి తప్పించి, పువ్వు బయటికి తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. తెగిన తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి, గొంతు తగ్గించి అంది:

“ఇలా మొదలంటా తుంచేస్తే పిట్టలంటే ఎవరు నమ్ముతారే? రేకుల చివర్లు మాత్రం గోటితో గిల్లి వదిలెయ్యాలి. ఇన్నాళ్ళూ నేను గిల్లినవి చూసి కూడా నేర్చుకోలేదా?”